అన్నమ్మ తల్లి గుడి గోడల మీద మిల్లు కూలీల ముఖాలు

జూలై 26 పునీత అన్నమ్మ, జ్వాకీముల పండుగ. వాళ్ళు మరియ తల్లికి అమ్మానాన్నలు, అంటే యేసు ప్రభువుకు అమ్మమ్మా తాతయ్యా. సువార్తల్లో వీళ్ళ పేర్లు ఎక్కడా లేవు. రెండో శతాబ్దపు ఒక పాత రచన నుంచి, ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పుకుంటూ వచ్చిన కథల నుంచి మనదాకా వచ్చాయి. పటాల్లో అన్నమ్మ తల్లి ఎక్కువగా ఒకే పని చేస్తూ కనబడుతుంది. పుస్తకం తెరిచి పెట్టుకుని, పక్కన నిలబడ్డ చిన్నారి మరియకు చదువు చెబుతూ ఉంటుంది. సికింద్రాబాద్‌లోనూ మన ఇతర ఊళ్ళలోనూ సెయింట్ ఆన్స్ బడుల్లో చదివిన వాళ్ళకు ఈ బొమ్మ గుర్తుండే ఉంటుంది.

ఈసారి పండుగకు ముందు నవదిన ప్రార్థనలు చేసుకుంటూ పేతురు మొదటి లేఖ రెండో అధ్యాయం, ఐదో వచనం దగ్గర ఆగిపోయాను. మీరు కూడా సజీవమైన రాళ్ళలాగా ఒక ఆత్మ సంబంధమైన మందిరంగా కట్టబడుతున్నారు అంటాడు పేతురు. చిన్నప్పటి నుంచి పూజలో విన్న మాటే. ఆ మాటను నిజంగానే గోడ మీద చూపించిన జనం ఉన్నారని మాత్రం అమెరికాలోని ఒక మిల్లు ఊరి విచారణ (పారిష్, అంటే ఒక గుడికి చెందిన కతోలిక సంఘం) చరిత్ర చదివాకే తెలిసింది.

ఆ ఊరు వూన్‌సాకెట్. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో, బ్లాక్‌స్టోన్ నది ఒడ్డున ఉంటుంది. నది దూకే చోట నీటి బలంతో యంత్రాలు తిప్పి బట్టల మిల్లులు పెట్టారు. వాటిలో పనికి కెనడాలోని క్యూబెక్ నుంచి ఫ్రెంచి మాట్లాడే కతోలిక రైతు కుటుంబాలు వచ్చాయి. అక్కడ భూమి పిల్లల మధ్య ముక్కలైపోయింది, అప్పులు పెరిగాయి. 1840 నుంచి 1930 దాకా దాదాపు 9 లక్షల మంది అలా క్యూబెక్ వైపు నుంచి అమెరికాకు వలస వెళ్ళారు. తల్లీ తండ్రీ పిల్లలూ అందరూ మిల్లుకే. పల్లెలో సూర్యుణ్ణి చూసి పనికి లేచినవాళ్ళు ఇక్కడ మిల్లు గంట విని లేవడం నేర్చుకున్నారు. తర్వాత క్యూబెక్‌లోనే పుట్టిన ఆరమ్ పోథియే ఈ ఊరి నాయకుడై, రాష్ట్ర గవర్నర్ కూడా అయ్యాడు. ఆయన ప్రోత్సాహంతో ఫ్రాన్స్, బెల్జియం దేశాల ఉన్ని మిల్లు యజమానులు ఇక్కడికొచ్చి మిల్లులు పెట్టారు. వీధిలో, దుకాణంలో, బడిలో, గుడిలో అంతటా ఫ్రెంచే వినిపించేది.

వాళ్ళు కెనడా నుంచి తమతో తెచ్చుకున్నవాటిలో అన్నమ్మ తల్లి మీది భక్తి పెద్దది. క్యూబెక్‌కు పాలక పునీతురాలు ఆమే. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున బోప్రే అనే ఊళ్ళో ఉన్న ఆమె పుణ్యక్షేత్రం మనకు గుణదల ఎలాగో వాళ్ళకు అలాంటిది. 'మంచి పునీత అన్నమ్మ' అని ఇంట్లో అమ్మమ్మను తలుచుకున్నట్టు తలుచుకుంటారు. 1890లో వూన్‌సాకెట్‌లో ఆమె పేరుతో, అంటే సెయింట్ ఆన్ పేరుతో, కొత్త విచారణ ఏర్పడింది. ఇప్పుడు కనిపించే పెద్ద దేవాలయం 1918 నాటికి పూర్తయింది. నక్షా గీసిన వాల్టర్ ఫోంటేన్ ఆ ఊరివాడే. రెండు ఎత్తైన గోపురాలతో, మిల్లు పొగగొట్టాల మధ్య అది నిలబడింది. వారం కూలీలోంచి తీసిన నాణేలతో లేచిన గుడి అది.

ఆ ఊరి ఫ్రెంచి విచారణలన్నిటినీ కుదిపేసిన గొడవ 1920లలో వచ్చింది. పీఠాధిపతి (బిషప్) విలియం హిక్కీ తన మేత్రాసనం (బిషప్ కింద ఉండే విచారణలన్నీ) మొత్తానికి కొత్త ఉన్నత పాఠశాలలు కావాలని విచారణల నుంచి డబ్బు అడిగారు. ఆ బడుల్లో చదువు ఇంగ్లీషులో. మా పిల్లల నోటి నుంచి మా భాష పోవడానికి మేమే డబ్బు కట్టాలా అని ఫ్రెంచివాళ్ళు కోపగించారు. వూన్‌సాకెట్ లాయరు ఎల్ఫేజ్ డేన్యో నాయకత్వంలో 'లా సాంటినెల్' అనే పత్రిక పుట్టింది. కానుకలు ఆపేశారు, సొంత విచారణల మీదే కోర్టులో కేసులు వేశారు. 1928లో డేన్యోనూ ఆయనతోపాటు కేసుల మీద సంతకాలు పెట్టినవాళ్ళనూ రోము, అంటే పోపు, వెలివేసింది. మరుసటి ఏడాది వాళ్ళు క్షమాపణ చెప్పి తిరిగి వచ్చారు.

భాష పోతే విశ్వాసమూ పోతుందని వాళ్ళ నానుడి. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోలేను, విశ్వాసం ఏ ఒక్క భాష సొత్తూ కాదు. గురువులనూ పీఠాధిపతినీ కోర్టుకీడ్చడం కూడా తప్పే అనిపిస్తుంది. కానీ ఆ తల్లుల భయం నాకు అర్థమవుతుంది. మా అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టుకుని 'మంగళవార్త' జపం నేర్పింది తెలుగులోనే. ఈరోజుకీ ఒంట్లో బాగోకపోతే, మనసులో టెన్షన్ పెరిగితే నా నోటికి వచ్చేది ఆ మాటలే, ఆమె గొంతులో. అన్నమ్మ తల్లి పటం ముందు నిలబడ్డప్పుడు నాకు ఆ గొడవ వేరేలా కనబడుతుంది. ఆ తల్లి మరియకు నేర్పింది ఇంటి మాటలతో ప్రార్థన. దాన్ని మరియ యేసుకు నేర్పింది.

ఆ గాయం మానకముందే ఆర్థిక మాంద్యం వచ్చింది. 1934లో దేశమంతా జరిగిన బట్టల మిల్లుల సమ్మెలో వూన్‌సాకెట్ వీధుల్లో తుపాకులు పేలాయి, ప్రాణం పోయింది. ఆ జనమే మరికొన్నేళ్ళకు గుడి గోడలెక్కారు.

ఇటలీలోని ప్రాటోలో పుట్టి మాంట్రియల్‌లో స్థిరపడ్డ గీడో నింకేరి అనే చిత్రకారుడు 1940లలో ఏళ్ళ తరబడి ఈ దేవాలయం గోడలూ పైకప్పూ చిత్రాలతో నింపాడు. ఆయన విధానం ఫ్రెస్కో. గోడకు ఆ రోజు వేయగలిగినంత మేరకే సున్నపు పూత వేస్తారు. అది తడిగా ఉండగానే నీళ్ళలో కలిపిన రంగుతో బొమ్మ వేయాలి. సున్నం గాలిని పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది, రంగును తనలో కలిపేసుకుని గట్టిపడుతుంది. అప్పుడు ఆ రంగు గోడ మీద పొర కాదు, గోడే. ఆలస్యమైతే సున్నం ఆరిపోతుంది, ఆ భాగం చెక్కేసి మళ్ళీ మొదలుపెట్టాలి.

పాత నిబంధన పితరులకు, ప్రవక్తలకు, పునీతులకు, దేవదూతలకు ముఖాలు ఎక్కడి నుంచి తేవాలి? నింకేరి విచారణలోని జనాన్నే నమూనాలుగా తీసుకున్నాడు. నాలుగు వందలకు పైగా ముఖాలు అక్కడివాళ్ళవే. మగ్గం దగ్గర నిలబడి పోగులు ముడివేసే మనిషి ప్రవక్త అయ్యాడు. వీధిలో ఆడుకునే పిల్లలు దేవదూతలయ్యారు.

మన లేపాక్షిలోనూ పైకప్పు చిత్రాల్లో గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ దండం పెడుతూ కనబడతారు. కట్టించిన దొరలు బొమ్మల్లోకి రావడం లోకమంతటా ఉన్న ఆచారం. వూన్‌సాకెట్‌లో కట్టించిన దొరలే కూలీలు. నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ప్రియమైన విషయం ఇదే.

ఇదే నింకేరి అంతకుముందు మాంట్రియల్‌లోని ఇటాలియన్ల దేవాలయంలో, 1929లో పోపుకూ ఇటలీ ప్రభుత్వానికీ కుదిరిన ఒప్పందానికి గుర్తుగా వేసిన చిత్రంలో గుర్రం మీద ఇటలీ నియంత ముస్సోలినీని గీశాడు. ఆ కారణంతో 1940లో, ఇటలీ యుద్ధంలో శత్రుపక్షం అయ్యాక, కెనడా ప్రభుత్వం ఆయనను పట్టుకెళ్ళి పెటవావా శిబిరంలో పెట్టింది. తన మొదటి నక్షాలో ఆ ముఖం లేదని, ఒత్తిడి మీదే చేర్చాడని ఆయన భార్య చూపించాక కొన్ని నెలలకు వదిలారు. గుడి గోడ మీద ఏలికవాడి ముఖం పెట్టినందుకు జైలు చూసినవాడు, అదే దశకంలో మరో గుడి గోడల నిండా పేరు లేని నేత పనివాళ్ళ ముఖాలు పెట్టాడు. ఆయన మనసులో ఏముందో దేవుడికి తెలుసు. నాకు మాత్రం బలవంతుల్ని ఆసనాల మీద నుంచి దించి దీనుల్ని పైకెత్తాడని మరియ తల్లి పాడిన స్తోత్రం గుర్తొస్తుంది.

తర్వాతి కథ మిల్లు ఊళ్ళన్నిటిదీ. మిల్లులు దక్షిణానికి తరలిపోయాయి, పిల్లలు ఇంగ్లీషులోకి, దూరపు ఊళ్ళలోకి వెళ్ళిపోయారు. 2000లో సెయింట్ ఆన్ విచారణ మూతపడింది. గుడి కూలిపోకుండా ఊరివాళ్ళే పట్టుబట్టి దాన్ని కళా సాంస్కృతిక కేంద్రంగా నిలుపుకున్నారు. అక్కడ ఇప్పుడు విచారణ లేదు, ఆదివారం గంటకు బెంచీలు నింపే కుటుంబాలు లేవు. చిత్రాలు చూడడానికి జనం వస్తారు. తల పైకెత్తి, ఆ దేవదూతల్లో మా అమ్మ ఎక్కడుందో అని వెతుక్కునేవాళ్ళూ వస్తారు.

పేతురు చెప్పిన వచనం ఇక్కడ నాకు కష్టంగా మారింది. రాళ్ళు మిగిలి, సజీవమైన రాళ్ళు వెళ్ళిపోతే మందిరం ఎక్కడున్నట్టు? చాలా రోజులు ఈ ప్రశ్నతోనే జపమాల పట్టుకున్నాను. పేతురు 'కట్టబడ్డారు' అనలేదు, 'కట్టబడుతున్నారు' అన్నాడు. ఆ కూలీలు దేవుడి చేతిలో తడి సున్నంలా ఉన్నప్పుడు పడిన రంగు గోడ మీదిదొక్కటే కాదు. మనవళ్ళకు వాళ్ళు చెప్పిన జపాలు ఏ ఊళ్ళో, ఏ భాషలో ఇప్పుడు పలుకుతున్నాయో ఎవరికీ లెక్క తెలియదు.

ఈ 26న పూజలో ఇలా అడుగుదామనుకుంటున్నాను: అన్నమ్మ తల్లీ, వూన్‌సాకెట్‌లో నూలు పోగులు పట్టిన ఆ చేతుల్ని, నీ గుడికి నాణెం వేసి ఇంటికి తక్కువ రొట్టె తీసుకెళ్ళిన ఆ తల్లుల్ని నీ మనవడి దగ్గర పేరుపేరునా తలుచుకో. మా అమ్మమ్మ కూడా అక్కడే ఉంది. ఆమెను కూడా.