మావాడు నాకు ఫోన్ పెట్టేయడం నేర్పాడు

2022 వసంతం. చపాతీ పిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. చేతులనిండా పిండి. చిటికెన వేలితో స్పీకర్ నొక్కాను. నంబర్ 469తో మొదలైంది, తర్వాతి మూడంకెలు కూడా అచ్చం నా నంబర్‌వే. టెక్సాస్‌లోని మా ఫ్రిస్కోలో తెలిసినవాళ్ళలో సగం మందిది అదే కోడ్. తెలుగు బడి నుంచి ఎవరో అనుకున్నా.

రికార్డు చేసిన ఆడగొంతు. మీ కారు వారంటీ గడువు అయిపోతోంది, ఇదే ఆఖరి అవకాశం, మాట్లాడాలంటే ఒకటి నొక్కండి అంది. నొక్కాను.

ఎందుకు నొక్కానంటే, వారం క్రితమే గులాబీ రంగు అంచున్న ఉత్తరం ఒకటి వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో ఫైనల్ నోటీస్ అని, కింద మా కారు టయోటా సియెన్నా పేరు, మోడల్ సంవత్సరం. ఇమిగ్రేషన్ వాళ్ళు పంపిన ప్రతి కాగితాన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దాని జిరాక్స్‌ని ఇంకో కవర్లో పెట్టుకునే జాతి మాది. ఫైనల్ నోటీస్ అని కనిపిస్తే చాలు, అది కారు గురించా వీసా గురించా అని చూడకముందే గుండె దడదడలాడుతుంది. అమ్మేవాళ్ళకు ఈ సంగతి తెలుసో లేదో కానీ, ఆ ఉత్తరం మాలాంటివాళ్ళ కోసమే రాసినట్టుంది.

లైన్లోకి వచ్చినతను ఎంత మర్యాదగా మాట్లాడాడో! మాటకు ముందు మేడమ్, మాటకు వెనక మేడమ్. ఎన్ని మైళ్ళు తిరిగింది అన్నాడు. 94,000 అన్నాను. ట్రాన్స్‌మిషన్ పోతే నాలుగు వేల డాలర్లు, ఇవాళ 199 కడితే మిగతాది నెలనెలా కట్టుకోవచ్చు, రేపటికి ఈ రేటు ఉండదు అన్నాడు. కార్డు నంబర్ అడిగాడు. "ఒక్క నిమిషం సార్, చేతులు కడుక్కుని వస్తా" అన్నాను. అవును, సార్ అన్నాను.

సోఫాలో హోంవర్క్ చేసుకుంటున్న మావాడు లేచి వచ్చి ఎర్ర బటన్ నొక్కేశాడు.

నాకు ముందు వచ్చింది కోపం. "అవతల పెద్దాయన మాట్లాడుతుంటే ఫోన్ కట్ చేస్తావా? ఇదేనా నేను నేర్పింది?" అని అరిచాను. మా ఇంట్లో ఫోన్ పెట్టేయడం అంటే చిన్న పని కాదు మరి. ఆదివారం ఇండియాకు చేస్తే "సరే, ఉంటా" అన్నాక ఇంకో పది నిమిషాలు నడుస్తుంది. "ఆఁ, ఇంకేంటి", "ఏం లేదు, నువ్వే చెప్పాలి", "సరే మరి". అవతల పెద్దవాళ్ళు పెట్టేదాకా మనం పెట్టకూడదని వాడికి మూడేళ్ళప్పటి నుంచీ చెబుతున్నాను.

వాడు పడీ పడీ నవ్వుతున్నాడు. "అమ్మా, ఇట్స్ ద కార్ వారంటీ గై!" అంటాడు. వాళ్ళ స్కూల్లో అదో జోకట. తలుపు కొట్టేది ఎవరు అంటే కారు వారంటీ వాడు, చందమామ మీద దిగితే ముందు ఫోన్ చేసేది కారు వారంటీ వాడు. దేశమంతా నవ్వుకుంటున్న జోక్ నాకు చేరలేదు. పదేళ్ళవాడికి చేరింది. పదహారేళ్ళుగా ఇక్కడ టాక్సులు కడుతున్నది నేను!

ఆ రాత్రి కారు డాష్‌బోర్డు అరలోంచి వారంటీ పుస్తకం తీశాను. మాది 2015లో కొన్న బండి. టయోటా కంపెనీ వారంటీ మూడేళ్ళు లేదా 36,000 మైళ్ళు, ఇంజన్, ట్రాన్స్‌మిషన్ లాంటివాటికి అయిదేళ్ళు లేదా 60,000 మైళ్ళు, ఏది ముందైతే అది. అంటే 2020లోనే అన్నీ చెల్లిపోయాయి. అయిపోబోతోంది అని భయపెట్టడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. పైగా వాళ్ళు అమ్మేది అసలు వారంటీయే కాదు. వారంటీ కారు ధరలోనే కలిసి వస్తుంది. విడిగా డబ్బు కట్టించుకునేది సర్వీస్ కాంట్రాక్ట్, అంటే మరమ్మతు ఖర్చు భరిస్తామనే ఒప్పందం. అందులో ఏ భాగానికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో ముందు కాగితం మీద చూపించమనండి, అవతలివాడి గొంతు మారిపోతుంది. నిజంగా కావాలంటే మనమే డీలర్ దగ్గరికి వెళ్ళి, కాంట్రాక్ట్ ఇంటికి తెచ్చుకుని చదువుకోవాలి. మనం అడగకుండా ఫోన్ చేసినవాడి దగ్గర కాదు.

మే నెలలో మామయ్యగారు వచ్చారు. రిటైర్డ్ హెడ్మాస్టరు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ ఫోనే వస్తే, ఇంగ్లీషు చివరిదాకా శ్రద్ధగా విని, "లిస్టులోంచి మీ పేరు తీసేయడానికి రెండు నొక్కమన్నారమ్మా, నొక్కేశాను" అన్నారు సంతోషంగా. ఒకటి నొక్కినా రెండు నొక్కినా వాళ్ళకు తెలిసేది ఒక్కటే, ఈ నంబర్ వెనక మనిషున్నాడని. తర్వాతి వారం రోజుకు ఆరేడు కాల్స్. అమ్మకాల ఫోన్లు వద్దనేవాళ్ళ కోసం 2003 నుంచీ ఉన్న డూ నాట్ కాల్ జాబితాలో మా నంబర్లు ఎప్పుడో చేర్చాం. దాన్ని చూసి ఆగేది చట్టానికి భయపడే వ్యాపారస్తులే. అయినా చేర్చుకోవడం మంచిదే, ఆ తర్వాత కూడా అమ్మకానికి ఫోన్ వచ్చిందంటే అవతలివాడు ఎలాంటివాడో మాట్లాడక్కర్లేకుండా తెలిసిపోతుంది.

ఇదంతా నవ్వులాటగానే సాగేది, ఆ కారు ప్రయాణం లేకపోతే.

మావాడినీ వాడి ఫ్రెండ్‌నీ సాకర్ నుంచి తీసుకొస్తున్నాం. వెనక సీట్లో మావాడు వారంటీ వాణ్ణి అనుకరిస్తున్నాడు. 'వి' పలకాల్సిన చోట 'డబ్ల్యు', ప్రతి 'టి' గట్టిగా, చివర్లో "కైండ్లీ సర్". ఫ్రెండ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. డ్రైవ్ చేస్తున్న మా ఆయన అద్దంలోకి ఒక్కసారి చూసి, మళ్ళీ రోడ్డు మీదికి తిరిగారు. అది ఆయన గొంతు. వేరే ఎవరిదీ కాదు. బ్యాంకుకు ఫోన్ చేసి ఇంటిపేరు స్పెల్లింగు మూడుసార్లు చెప్పే గొంతు.

ఫ్రెండ్‌ని దింపేశాక ఆయన అడిగింది ఒక్కటే. "నిజంగా ఫోన్ చేసినవాడు అలా మాట్లాడాడా నాన్నా?" మావాడు ఆలోచించాడు. లేదన్నాడు. నాతో మాట్లాడినతనిది పక్కా టెక్సాస్ యాస. "మరి?" అంటే వాడి దగ్గర జవాబు లేదు. యూట్యూబులో అందరూ అలాగే చేస్తారు అన్నాడు, గొణుగుతూ.

2023 ఆగస్టులో ఎఫ్‌సీసీ, అంటే ఇక్కడ ఫోన్ కంపెనీల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ, ఈ కాల్స్ ముఠాకు దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అప్పటికి ఎఫ్‌సీసీ వేసిన అతి పెద్ద జరిమానా అదే. 2021లో మూడే నెలల్లో 50 కోట్లకు పైగా నంబర్లకు 500 కోట్లకు పైగా కాల్స్! దేశ జనాభాయే 33 కోట్లు. దాని వెనకున్న ఇద్దరు ముఖ్యులూ కాలిఫోర్నియా వాళ్ళు. ఆ వార్త మావాడితో గట్టిగా చదివించాను. వాడు బుద్ధిగా చదివి, "ఇండియా నుంచి కూడా చేస్తారు కదమ్మా?" అన్నాడు. చేస్తారు. 2016లో ముంబై పక్కన థానేలో పోలీసులు పట్టుకున్న కాల్ సెంటర్లు అమెరికా టాక్స్ ఆఫీసర్లమని ఇక్కడివాళ్ళను బెదిరించినవే. అదీ చెప్పాను. దాచితే నా మాట ఎందుకు నమ్ముతాడు? ఆ యాసలో జోక్ మాత్రం మళ్ళీ మా కారులో వినపడలేదు. స్కూల్లో సంగతి నాకు తెలీదు.

తర్వాత వంతు తెనాలిలో ఉన్న అమ్మది. డిజిటల్ అరెస్ట్ అనే మాట మా అమ్మ చెవిన పడింది 2024 అక్టోబరులో, ప్రధాని మన్ కీ బాత్‌లో దాని గురించి చెప్పినప్పుడు. మీ పేరుతో వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయని, మోసగాళ్ళు పోలీసు యూనిఫాం వేసుకుని, వీడియో కాల్ ముందు కూర్చోబెట్టి, కదలనివ్వకుండా డబ్బు లాగేస్తున్నారు. ఇండియా చట్టంలో అలాంటి అరెస్టే లేదు. ఇలాంటి సైబర్ మోసాల మీద ఫిర్యాదుకు అక్కడ 1930 అనే నంబర్ ఉంది. అమ్మకు ఎవరు చెప్పాలి అంటే మావాడు నేను చెబుతా అన్నాడు.

"అమ్మమ్మా, పోలీస్ వీడియోలో రాదు. వస్తే అది దొంగ. నువ్వు మాట్లాడకు, కట్ చెయ్. తర్వాత 1930కి ఫోన్ చెయ్." పోలీసును, దొంగను ఒకే దెబ్బకు నపుంసక లింగంలో పడేశాడు. నేను దిద్దలేదు. "అలా మొహం మీద కట్ చేస్తే బాగుండదేమో బాబూ" అంది అమ్మ. "పర్లేదు అమ్మమ్మా. బై కూడా వద్దు."

సంక్రాంతి రోజు నా ఫోన్ ప్లాన్ మారి, కొత్త నంబర్ నుంచి అమ్మకు చేశాను. "హలో, అమ్మా..." అనేలోపే కట్. మళ్ళీ చేశాను. మళ్ళీ కట్. అరగంటకు అమ్మే మా ఆయన నంబర్‌కు చేసింది.

"ఎవడో అచ్చం నీ గొంతుతో మాట్లాడుతున్నాడే! రెండుసార్లు కట్ చేశా. బాబుకి చెప్పు, బై కూడా అనలేదని."