క్రిప్టోలో పారితోషికం, పన్ను లెక్కలో రెండు తేదీలు

2021 నవంబరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థకు వాడుకదారుల గైడు రాసిచ్చినందుకు నాకు 2 ఈథర్లు ముట్టాయి. ఈథర్ అంటే బిట్‌కాయిన్ లాంటి ఒక క్రిప్టోకరెన్సీ. ఆ రోజు ఒక్కో ఈథర్ 4,000 డాలర్లకు పైనే పలుకుతోంది. లెక్క తేలిగ్గా ఉండేందుకు సరిగ్గా 4,000 అనే అనుకుందాం. అప్పటికప్పుడు డబ్బు అవసరం లేకపోవడం, ధర ఇంకా పెరుగుతుందన్న ఆశ ఉండడం వల్ల వాటిని వాలెట్‌లోనే, అంటే క్రిప్టో దాచుకునే డిజిటల్ ఖాతాలోనే ఉంచేశాను. మరుసటి ఏడాది జూన్‌లో పన్ను కట్టడం కోసం అమ్మబోయేసరికి ధర 1,100 డాలర్ల దగ్గరికి దిగింది. చేతికొచ్చింది 2,200 డాలర్లు. పన్ను లెక్కలో నా ఆదాయం మాత్రం 8,000 డాలర్లు. పావు వంతు చొప్పున చూసుకున్నా కట్టాల్సిన పన్ను 2,000 డాలర్లు. మూడు వారాలు కూర్చుని చేసిన పనికి చివరికి మిగిలింది 200 డాలర్లు.

నాకు అన్యాయం జరిగిందనే అప్పట్లో గట్టిగా అనుకున్నాను. తర్వాత నిబంధనలు ఓపిగ్గా చదివితే ఒక సంగతి బోధపడింది. క్రిప్టోలో అందిన పారితోషికానికి పన్ను లెక్కలో రెండు తేదీలుంటాయి. ఒకటి అది మన చేతికి వచ్చిన రోజు, రెండోది మన చేతి నుంచి వెళ్లిన రోజు. మొదటి రోజున మనం పని చేసి సంపాదించినవాళ్లం, రెండో రోజున ఆస్తి అమ్మినవాళ్లం. ఈ రెండింటినీ విడదీసి చూడనంత కాలం ఏ లెక్కా కుదరదు.

అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2014 మార్చిలోనే ఈ విషయం తేల్చి చెప్పింది. వర్చువల్ కరెన్సీ ఆస్తి కిందికి వస్తుందని, సేవకు బదులుగా దాన్ని పుచ్చుకున్న స్వతంత్ర కాంట్రాక్టరు అందిన రోజున దానికున్న మార్కెట్ విలువను స్వయం ఉపాధి ఆదాయంగా చూపాలని ఆ నోటీసు సారాంశం. బ్రిటన్‌లోనూ పద్ధతి దాదాపు ఇంతే. చాలా దేశాల్లో పేర్లు, రేట్లు మారినా అస్థిపంజరం ఒకటే. అందిన రోజు విలువ వృత్తి ఆదాయం అవుతుంది, అదే విలువ ఆ కాయిన్లకు కొన్న ధరగా నిలుస్తుంది, అమ్మిన రోజున వచ్చిన తేడా లాభమో నష్టమో అవుతుంది.

నా అనుభవంలో అందరూ ఎక్కువగా పొరబడేది ఆ మధ్య ముక్క దగ్గరే. 4,000 డాలర్ల విలువ ఉన్నప్పుడు అందిన ఈథర్‌ను 5,000కు అమ్మితే లాభం 1,000 మాత్రమే. అయితే లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఈథర్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. బయటి చిరునామా నుంచి వచ్చింది కనుక కొన్న ధర సున్నా అని రాసుకుని, మొత్తం 5,000ను లాభంగా చూపిస్తుంది. అప్పటికే 4,000ను వృత్తి ఆదాయంగా చూపించిన మనిషి అదే సొమ్ముపై రెండోసారి పన్ను కడతాడు. అందుకే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి రాకనూ తెరిచి, ఇది పారితోషికమా, మన సొంత వాలెట్ల మధ్య బదిలీయా అన్నది చేత్తో గుర్తు పెట్టాల్సిందే. సొంత వాలెట్ల మధ్య బదిలీకి సాధారణంగా పన్ను ఉండదు, గుర్తు పెట్టకపోతే అది కూడా ఆదాయంగానో అమ్మకంగానో పట్టికలోకి ఎక్కుతుంది.

ధర పడినప్పుడు పరిస్థితి ఇంకా కఠినంగా ఉంటుంది. నా ఉదాహరణలో 8,000 డాలర్ల వృత్తి ఆదాయం ఒక గాటన, 5,800 డాలర్ల ఆస్తి నష్టం మరో గాటన పడ్డాయి. ఆ నష్టాన్ని ఈ ఆదాయంలోంచి తీసేస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. చట్టాలు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోవు. అమెరికాలో మూలధన నష్టాన్ని ముందు మూలధన లాభాలతో సర్దుకోవాలి, అవి లేకపోతే ఇతర ఆదాయంలోంచి ఏడాదికి 3,000 డాలర్ల వరకే తగ్గించుకోనిచ్చి మిగతాది వచ్చే ఏళ్లకు జరుపుతారు. బ్రిటన్‌లో ఇలాంటి నష్టం మూలధన లాభాలకే చెల్లుతుంది, వృత్తి ఆదాయం జోలికి రాదు. భారతదేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధన అన్నింటికంటే కఠినం. వర్చువల్ డిజిటల్ ఆస్తుల బదిలీపై వచ్చిన లాభానికి 30 శాతం పన్ను వేస్తూ, కొన్న ధర తప్ప మరే ఖర్చునూ తీసేయనివ్వదు, నష్టాన్ని ఇంకే ఆదాయంతోనూ సర్దుకోనివ్వదు, తర్వాతి ఏడాదికి జరుపుకోనివ్వదు. పైకి వెళితే పంచుకునే ప్రభుత్వం కిందికి పడితే పంచుకోకపోవడం సబబు కాదని నా అభిప్రాయం. కానీ రిటర్నులో అభిప్రాయాలు రాసే గడి ఉండదు కదా, ఉన్న నిబంధనలోనే మనల్ని మనం కాపాడుకోవాలి.

కాపాడుకునే దారి నిజానికి సులువు. కాయిన్లు అందిన రోజునే, వీలైతే అదే గంటలో, పన్నుకు సరిపడే వంతును మామూలు కరెన్సీలోకి మార్చేసి విడి ఖాతాలో పడేయడం. నేను మూడో వంతు తీస్తాను. మీకు వర్తించే శ్లాబునూ, స్వయం ఉపాధి మీద పడే అదనపు చెల్లింపులనూ కలుపుకుని ఆ వంతు ఎంతో మీరే లెక్కించుకోవాలి. అమెరికాలోనైతే ఆదాయపు పన్ను కాక 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను కూడా ఉంటుంది, దాన్ని మరచిపోయి దెబ్బ తిన్నవాళ్లు ఎందరో. అందిన గంటలోనే అమ్మితే ధరలో తేడా దాదాపు ఉండదు కనుక రెండో తేదీ లెక్క కూడా అక్కడికక్కడే ముగుస్తుంది. మిగిలిన రెండు వంతులను ఉంచుకోవాలా, అమ్మాలా అన్నది పెట్టుబడికి సంబంధించిన ప్రశ్న, దాన్ని తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. ప్రభుత్వానికి చేరాల్సిన సొమ్ముతో మాత్రం ఆ పందెం కాయకూడదు.

జీతగాళ్లకు యాజమాన్యం నెలనెలా పన్ను కోసి కడుతుంది. స్వతంత్రంగా పనిచేసే మనకు ఆ ఏర్పాటు లేదు కనుక చాలా దేశాల్లో ఏడాది మధ్యలోనే విడతలవారీగా ముందస్తు పన్ను కట్టాలి. భారతదేశంలో ఆ తేదీలు జూన్ 15, సెప్టెంబరు 15, డిసెంబరు 15, మార్చి 15. అమెరికాలో ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి నెలల్లో 15వ తేదీలు. విడత తప్పితే వడ్డీ పడుతుంది, కాయిన్ ధర పడిపోయిందన్న కారణం అక్కడ చెల్లదు.

ఇక అందిన రోజు విలువ అన్నాం కదా, అసలు ఆ రోజు ఏది అన్నదే ఒక్కోసారి చిక్కుముడి. బ్లాక్‌చెయిన్‌లో, అంటే క్రిప్టో లావాదేవీలు నమోదయ్యే చిట్టాలో ఉన్నది చూపించే వెబ్‌సైటు బ్లాక్ ఎక్స్‌ప్లోరర్. అందులో ట్రాన్సాక్షన్ తెరిస్తే సమయం సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) కనిపిస్తుంది. డిసెంబరు 31న యూటీసీ ప్రకారం రాత్రి 8 గంటల 10 నిమిషాలకు నమోదైన చెల్లింపు, అంతకు ఐదారు గంటలు ముందుండే చోట్ల జనవరి 1న అందినట్టు. క్యాలెండరు ఏడాదినే పన్ను ఏడాదిగా పాటించే దేశంలో ఉంటే ఆ ఒక్క చెల్లింపు ఏకంగా మరో ఏడాది రిటర్నులోకి వెళుతుంది. నా ఎక్సెల్ షీటులో అందుకే యూటీసీకి ఒక గడి, స్థానిక సమయానికి ఒక గడి ఉన్నాయి. వాటి పక్కన వరుసగా ఇన్వాయిస్ నంబరు, ట్రాన్సాక్షన్ హాష్ (ఆ లావాదేవీ గుర్తింపు సంకేతం), అందిన పరిమాణం, ఏ ఎక్స్ఛేంజీ (క్రిప్టో కొని అమ్మే వేదిక) ధర తీసుకున్నాను, ఆ ధర ఎంత, స్క్రీన్‌షాట్ ఫైలు పేరు ఉంటాయి. ధర ఎక్కడి నుంచి తీసుకోవాలన్న దానిపై చాలా చోట్ల కొంత వెసులుబాటు ఉంది, కాకపోతే ఒకసారి ఎంచుకున్న చోటి నుంచే ప్రతిసారీ తీసుకోవాలి. ఈ చెల్లింపుకు ఇక్కడ తక్కువ, ఆ చెల్లింపుకు అక్కడ తక్కువ అని ఏరుకుంటే తనిఖీలో నిలబడదు.

ఇన్వాయిస్ రాసేటప్పుడే సగం తలనొప్పి తప్పించుకోవచ్చు. పారితోషికాన్ని మామూలు కరెన్సీలో ఖరారు చేసి, చెల్లింపు ఫలానా కాయిన్‌లో, చెల్లించే సమయానికి ఫలానా ఎక్స్ఛేంజీలో ఉన్న ధర ప్రకారం జరగాలని ఒక్క వాక్యం చేర్చండి. ‘0.5 ఈథర్’ అని రాసిన ఇన్వాయిస్‌కు క్లయింటు నెల ఆలస్యం చేస్తే ధర పడిన నష్టం మీదే, ‘2,000 డాలర్లు, ఈథర్ రూపంలో’ అని రాస్తే కాదు. మార్కెట్‌లో సరిగా చేతులు మారని కొత్త టోకెన్లు ఇచ్చే ప్రాజెక్టుల విషయంలో ఈ వాక్యం మరీ ముఖ్యం, ఎందుకంటే ధర తేల్చలేని టోకెన్‌కు ఒప్పుకున్న పారితోషికమే విలువకు ఆధారం అవుతుంది. ప్లాట్‌ఫారం మధ్యలో కమిషన్ కోసుకుని పంపితే, కోతకు ముందున్న మొత్తం ఆదాయం, కమిషన్ ఖర్చు. చేతికొచ్చిన మొత్తాన్నే ఆదాయంగా రాసి ఊరుకోవడం చాలామందికి అలవాటు, అది సరికాదు. వ్యాట్, జీఎస్‌టీ లాంటి పన్నులు కూడా సేవ విలువ మీదే పడతాయి. బిట్‌కాయిన్‌ను మామూలు కరెన్సీలోకి మార్చిపెట్టే సేవకు వ్యాట్ ఉండదని యూరోపియన్ న్యాయస్థానం 2015 అక్టోబరులో తీర్పిచ్చింది, దాన్ని పట్టుకుని బిట్‌కాయిన్‌లో చెల్లించిన పనికీ వ్యాట్ లేదనుకోవడం పొరపాటు.

డాలరు లాంటి మామూలు కరెన్సీతో సమానంగా ధర నిలిపి ఉంచేలా తయారైన స్టేబుల్‌కాయిన్‌లో తీసుకుంటే ఈ గొడవలేవీ ఉండవని కొందరంటారు. చాలావరకు నిజమే, నేనూ ఇప్పుడు అలాగే అడుగుతున్నాను. పన్ను చట్టం దృష్టిలో మాత్రం స్టేబుల్‌కాయిన్ కూడా క్రిప్టో ఆస్తే. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలినప్పుడు, యూఎస్‌డీసీ అనే స్టేబుల్‌కాయిన్ నిల్వల్లో 3.3 బిలియన్ డాలర్లు అక్కడ చిక్కుకున్నాయని తెలియగానే దాని ధర 90 సెంట్లకు దిగువకు జారి, కొద్ది రోజుల్లో కోలుకుంది. ఆ వారాంతంలో పారితోషికం అందుకున్నవాళ్లకు డాలరుకు డాలరు అన్న లెక్క సరిపోలేదు. 2022 మే నెలలో కూలిన యూఎస్‌టీ అనే మరో స్టేబుల్‌కాయిన్ అయితే మళ్లీ లేవనే లేదు.

మామూలు కరెన్సీలోకి మార్చినప్పుడే అమ్మకం అనుకోవడం ఇంకో పొరపాటు. ఈథర్ ఇచ్చి యూఎస్‌డీసీ తీసుకున్నా, పనిలో కొంత భాగాన్ని మరొకరికి అప్పగించి వాళ్లకు బిట్‌కాయిన్‌లో చెల్లించినా, సాఫ్ట్‌వేర్ చందా కట్టినా, అమెరికా, బ్రిటన్, భారత్ లాంటి దేశాల్లో అది ఆ కాయిన్‌ను వదులుకోవడమే, లాభనష్టాలు అక్కడే తేల్చాలి. ఆ చెల్లింపు వృత్తి ఖర్చుగా కూడా నమోదు కావాలి కనుక ఒకే ట్రాన్సాక్షన్‌కు పుస్తకంలో రెండు పద్దులు పడతాయి.

వేర్వేరు ధరల దగ్గర అందిన కాయిన్లలో ఏది అమ్మినట్టు అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కెనడాలో సగటు ధర తీస్తారు. బ్రిటన్‌లో అదే రోజు కొన్నవి, తర్వాత 30 రోజుల్లోపు కొన్నవి, ఆపైన ఉమ్మడి సగటు అన్న వరుస ఉంది. అమెరికాలో 2025 జనవరి 1 నుంచి ఏ వాలెట్ లెక్క ఆ వాలెట్‌లోనే తేల్చాలి. జర్మనీలో వ్యక్తిగత ఆస్తిగా ఏడాదికి మించి ఉంచుకున్న క్రిప్టో అమ్మకంపై పన్ను లేకపోవచ్చు గానీ, పారితోషికంగా అందిన రోజు పడే ఆదాయపు పన్నును ఆ నిబంధన తాకదు.

ఇదంతా రుజువు చేసుకోవడానికి కాగితాలుండాలి. నేను వాడిన ఒక చిన్న ఎక్స్ఛేంజీ ఉన్నట్టుండి మూతపడినప్పుడు, రెండేళ్ల లావాదేవీల చరిత్ర దానితోపాటే పోయింది. ట్రాన్సాక్షన్ హాష్‌లను ఒక్కొక్కటిగా వెతికి, పాత మెయిళ్లు తవ్వి, ఆ రోజుల ధరలు మళ్లీ పోగుచేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఎక్స్ఛేంజీ లోపల జరిగిన మార్పిడులు బ్లాక్‌చెయిన్‌లో కనిపించవు కనుక కొన్ని ఎప్పటికీ దొరకలేదు. అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి తేదీన అన్ని ఖాతాల లావాదేవీల పట్టికలున్న సీఎస్‌వీ ఫైళ్లూ దించి రెండు చోట్ల దాస్తున్నాను.

ఎవరికి తెలుస్తుందిలే అన్న ధీమాకు ఇప్పుడు చోటు లేదు. 2017 నవంబరులోనే అమెరికా న్యాయస్థానం ఆదేశంతో కాయిన్‌బేస్ అనే ఎక్స్ఛేంజీ దాదాపు 13,000 మంది ఖాతాదారుల వివరాలను ఐఆర్‌ఎస్‌కు ఇవ్వాల్సి వచ్చింది. క్రిప్టో ఖాతాల సమాచారాన్ని దేశాలు తమలో తాము పంచుకునేందుకు ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక కూటమి ఓఈసీడీ 2022లో ఒక చట్రాన్ని ఆమోదించింది, దాని కింద మొదటి మార్పిడులకు నిర్ణయించిన ఏడాది 2027. యూరోపియన్ యూనియన్‌లో 2026 జనవరి 1 నుంచే ఎక్స్ఛేంజీలు వివరాలు సేకరించాలి.

గడిచిన ఏళ్లలో చూపించకుండా వదిలేసిన పారితోషికం ఉంటే, నోటీసు రాకముందే సవరించిన రిటర్ను వేయడం మంచిది. తనంతట తాను వచ్చి చెప్పినవాళ్లకు జరిమానా తగ్గించే నిబంధనలు చాలా దేశాల్లో ఉన్నాయి, నోటీసు చేతికందాక వాటిలో చాలావాటికి గడువు దాటిపోతుంది. ఆడిటరు దగ్గరికి వెళ్లేటప్పుడు సాఫ్ట్‌వేర్ తీసిన చివరి మొత్తం ఒక్కటే పట్టుకెళ్లకండి. ప్రతి చెల్లింపుకూ రెండు తేదీలు, రెండు ధరలు ఉన్న పట్టిక ఇస్తే ఆయన పని గంటల్లో తేలుతుంది. నేను 2021 నాటి ఆ 2 ఈథర్ల పద్దును సరిచేయించింది అలాంటి పట్టికతోనే.