సౌండు కాదాంటీ, నోట్సు

పన్నెండు దాటింది. లైటార్పి పడుకున్నదాన్ని మళ్లీ లేచి కూర్చున్నాను. ఆ పిల్లాడి మాట చెవిలోంచి పోవట్లేదు.

సాయంత్రం మొగల్రాజపురంలో మా బ్యాండు ప్రాక్టీసు, నేను బేస్ గిటార్ మీద, అంటే పాట అడుగున లోతు స్వరాలు పలికేది. మేడమీద అదే రేకుల గది, ఫ్యాను వేస్తే మైకులో గాలి, ఆపితే చెమట. మూడో పాట మధ్యలో డ్రమ్స్ వాయించే కుర్రాడు స్టిక్స్ ఒళ్లో పెట్టుకుని, ఎంతో మర్యాదగా, "ఆంటీ, మీరు కొంచెం తక్కువ వాయించండి" అన్నాడు. వాల్యూమ్ తగ్గించమంటున్నాడేమో అనుకుని నాబ్ తిప్పబోయాను. "సౌండు కాదాంటీ, నోట్సు" అన్నాడు. స్వరాలే తగ్గించాలట.

కీబోర్డు దగ్గరున్నావిడ వెంటనే వాటర్ బాటిల్ మూత తియ్యడంలో మునిగిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అంటే అందరూ అదే అనుకుంటున్నారన్నమాట.

వాడు పుట్టకముందు నుంచీ నేను గిటార్ వాయిస్తున్నాను. కాలేజీ హాస్టల్లో తీగ తెగితే కొనడానికి డబ్బుల్లేక అయిదు తీగలతోనే సెమిస్టర్ గడిపినదాన్ని. నాకు చెప్తాడా? ఆంటీ సంగతి వదిలేయండి, దానిమీద ఇదివరకే ఓ టపా అంతా ఏడ్చాను. స్కూటరు మీద బ్యాగు తగిలించుకుని ఏలూరు రోడ్డు దాటుతున్నంతసేపూ వాడికి ఇవ్వాల్సిన జవాబులు ఒక్కొక్కటీ తడుతూనే ఉన్నాయి, ఏం లాభం. సిగ్నల్ దగ్గర ఆటో ఆయన "వీణామ్మా అది?" అని అడిగితే అవునన్నాను. ఓపిక లేదు.

అసలు నాకెందుకీ బేసు? మా బేస్ అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం రాగానే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, "ఆరు తీగలు లాగినదానికి నాలుగో లెక్కా" అన్నది నేనే. 1961లో బేసు వాయించే సట్‌క్లిఫ్ ఇంగ్లండు బ్యాండు బీటిల్స్‌ని వదిలి వెళ్లిపోతే, అందులో గిటార్ వాయించే పాల్ మెకార్ట్‌నీ కూడా ఇలాగే బేసు పట్టుకున్నాడు కదా అని ధైర్యం ఒకటి. పోలిక చూసుకున్నారుగా, అక్కడే మొదలైంది నా పతనం.

పెట్టె విప్పిన రోజున అత్తయ్య నాలుగు తీగలూ లెక్కపెట్టి, "ఆరున్నదానికంటే ఇదే ఎక్కువా ఖరీదు?" అన్నారు. లావు తీగలు అత్తయ్యా అంటే, "అంత లావే కావాలంటే తాటిచెట్టెక్కే మోకు తేకపోయావా" అన్నారు. తీగలు మార్చాల్సి వచ్చినప్పుడు వాటి ధర ఆవిడకి తెలియకుండా చూసుకోవాలి.

నాలుగు తీగలే కదా అన్న నోటిని ఏమనాలో తెలియట్లేదు. తీగల పేర్లు ఈ (E), ఏ (A), డీ (D), జీ (G), గిటార్లో పైనుండే నాలుగు లావు తీగల శ్రుతే, ఒక స్థాయి కిందకి. పేర్లు అవే కాబట్టి చెయ్యి కూడా అలాగే పోతుందనుకున్నా. తీగ వాయించే పొడవు గిటార్‌కి ఇరవై అయిదున్నర అంగుళాలుంటే దీనికి 34. మొదటి ఫ్రెట్టు (మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గర చూపుడు వేలు పెట్టి నాలుగోదానికి చిటికెన వేలు చాపితే మణికట్టు దాకా పీకుతుంది. ఒక తీగ మీటితే పక్క తీగ కూడా నేనూ ఉన్నానని గుయ్యిమంటుంది, దాని నోరు బొటనవేలితో నొక్కి పెట్టాలి. ఎడమచేతి వేళ్లకి ఇన్నేళ్ల కాయలున్నాయి గానీ కుడిచెయ్యి ఇన్నాళ్లూ పిక్‌తో, అంటే మీటే ప్లాస్టిక్ బిళ్లతో, సుఖపడింది. ఇప్పుడు చూపుడు వేలూ మధ్య వేలూ మార్చి మార్చి మీటాలి. మధ్యాహ్నం ఆవకాయ కలుపుకుంటుంటే చూపుడు వేలి పొక్కు చుర్రుమంది. చెంచాతో తిన్నాను. ఆవకాయన్నం చెంచాతో! అత్తయ్య చూడలేదు, దేవుడి దయ.

ఇంత కష్టపడుతుంటే తక్కువ వాయించమంటాడు.

బేసు అంటే నాకు చిన్నప్పుడు మా వీధి వినాయక చవితి పందిరే గుర్తొస్తుంది. తొమ్మిదో పదో ఏళ్లు నాకు. ఆఖరి రోజు ఆర్కెస్ట్రా, నేనూ నాన్నా ఎదురింటి అరుగు మీద. బేసు ఆయన అందరి వెనకాల ఇనప మడతకుర్చీలో హవాయి చెప్పులతో, నోట్లో కిళ్లీతో కూర్చుని, చిల్లర పారేసుకున్నవాడిలా నేలకేసి చూస్తూ వాయించేవాడు. పాట మధ్యలో ప్రసాదం బేసిన్ మోసుకెళ్తున్నవాళ్ల కాలు తగిలి ఆయన వైరు ఊడింది. పాట ఆగలేదు, పాడేవాళ్లు పాడుతూనే ఉన్నారు, తబలా నడుస్తూనే ఉంది, కానీ నాన్న నీళ్ల మజ్జిగ తాగినట్టు మొహం పెట్టి "ఏంటే, పాట పల్చబడింది?" అన్నారు. ఆయన తీరిగ్గా లేచాడు. కిళ్లీ ఉమ్మొచ్చి, ప్లగ్గు వెతికి గుచ్చి, కూర్చుని, పల్లవి మళ్లీ ఎత్తుకునే చోట ఒకే ఒక్క నోటుతో దిగాడు. అరుగు అదిరింది. నా కడుపులో ఏదో కదిలింది.

ఇంటికొచ్చాక అక్కసు ఎవరిమీద తీర్చుకోవాలో తెలియక అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అమ్మ ఓపిగ్గా విని, "బేసూ లేదు గీసూ లేదే, ఆ రోజు మొత్తం కరెంటే పోయింది. జనరేటరు వచ్చేదాకా ఎవరు కూర్చుంటారని మీ నాన్న దోమల్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చేశారు" అంది. నాన్నని అడుగుదామంటే లేరు. మరి ఆ అరుగు అదరడం నేనెక్కడ తెచ్చుకున్నాను? కిళ్లీతో సహా?

సరే, వాడి మాట తప్పని నిరూపిద్దామని ఫోన్‌లో రికార్డు చేసింది పెట్టాను. నేనసలు లేను! వేళ్లు తీగకి తగిలే టిక్కుటిక్కు తప్ప నా వాయిద్యం ఎక్కడా లేదు. అన్నిటికంటే లావు ఈ (E) తీగ ఊరికే వదిలి మీటితే సెకనుకి 41 సార్లు ఊగుతుంది, ఫోన్ స్పీకరుకి అంత లోతు అందదు. మనసు కొంచెం కుదుటపడింది, వినపడని దానిమీద వాడి ఫిర్యాదేంటని. తర్వాత శ్రీవారి హెడ్‌ఫోన్ లాక్కుని విన్నాను.

వినకుండా ఉండాల్సింది. పాడే అమ్మాయి లైను ముగించి ఊపిరి తీసుకునే చోటల్లా నేను దూరిపోతున్నాను. ఒక్క ఖాళీ వదల్లేదు. గిటార్లో అది అలవాటు, సందు దొరికితే ఓ ముక్క వెయ్యడం. ఇక్కడ డ్రమ్ము కాలితో ధమ్మన్నప్పుడు నా నోటు దానితో కలిసి పడాలి, నేనేమో అప్పటికి ఏదో మెలిక తిప్పుతూ ఇంకెక్కడో ఉన్నాను. పాపం వాడు రెండు నెలలు ఓర్చుకున్నాడు. "ఫోన్లో కూడా నువ్వంతే, అవతలివాళ్లని ఊపిరి పీల్చుకోనివ్వవు" అన్నారు శ్రీవారు. అడగలేదు ఆయన్ని.

అయినా నలుగురి ముందు అనక్కర్లేదు. పక్కకి పిలిచి చెప్పొచ్చు. ఆ మాట మీద మాత్రం నేను గట్టిగానే ఉన్నాను.

పదింటికి చిన్న ఆంప్ (బేసు సౌండు పెంచే పెట్టె) బాగా తగ్గించి పెట్టుకుని, బారుకి, అంటే తాళం ఒక చుట్టుకి, ఒకే నోటు చొప్పున ఆ పాటంతా వాయించాను. విసుగు పుడుతుందనుకున్నాను. పుట్టింది కూడా, రెండో చరణం దాకా. ఆ తర్వాత నోటు వదిలే చోటు కూడా తెలుస్తోంది, ఎంతసేపు ఆపాలో చెయ్యే చూసుకుంటోంది. బాగుందనుకునేలోపు జీ దగ్గరకి రాగానే ఎక్కడో గరగర. తీగ ఫ్రెట్టుకి తగిలి బుర్రుమంటోందనుకుని అరగంట వేలు అటూ ఇటూ జరిపి చూశాను. తీరా చూస్తే వంటింట్లో స్టాండులో స్టీలు పళ్లేలు. జీ కొట్టినప్పుడు మాత్రమే, ఇంక దేనికీ కదలవు. మధ్యలో పేపరు మడతలు పెట్టొచ్చాను.

ఇది రాస్తూ మధ్యలో లేచి ఒక్కసారి జీ కొట్టి చూశా. ఇంకా మోగుతోంది. ఇడ్లీ రేకులై ఉంటాయి. పొద్దున్న చూడాలి.