స్థితే మనసి సుస్వస్థే: వరాహస్వామి మాట, మా నాయన నోటు పుస్తకం

తిరుమల ఎక్కినవాళ్లు శ్రీవారి దర్శనానికి ముందు స్వామిపుష్కరిణి ఒడ్డున ఉన్న భూవరాహస్వామిని సేవించుకోవాలన్నది అందరూ ఎరిగిన ఆచారమే. ఆ కొండ మొదట వరాహక్షేత్రమనీ, శ్రీనివాసుడు వచ్చి ఉండేందుకు చోటు అడిగితే వరాహస్వామి ఇచ్చాడనీ, అందుకు బదులుగా తొలి పూజ, తొలి నైవేద్యం, తొలి దర్శనం వరాహస్వామికే జరగాలని ఇద్దరికీ ఒప్పందం కుదిరిందనీ స్థలపురాణం చెబుతుంది. తిరుపతిలో పుట్టి పెరిగిన మాబోటివాళ్లమే క్యూలైను తొందరలో ఆ గుడిని దాటేసి వెళ్లిపోతుంటాం గానీ, మా నాయన మాత్రం ఎన్నడూ దాటలేదు. ఆయన అక్కడ చేతులు జోడించి, పెదవులు కదిపీ కదపనట్టుగా చదువుకునే శ్లోకాలు రెండే.

స్థితే మనసి సుస్వస్థే శరీరే సతి యో నరః
ధాతుసామ్యే స్థితే స్మర్తా విశ్వరూపం చ మామజమ్

తతస్తం మ్రియమాణం తు కాష్ఠపాషాణసన్నిభమ్
అహం స్మరామి మద్భక్తం నయామి పరమాం గతిమ్

శ్రీవైష్ణవులు దీనిని వరాహ చరమశ్లోకమంటారు. చరమశ్లోకమంటే శరణన్నవారికి భగవంతుడు స్వయంగా ఇచ్చిన కడపటి అభయవాక్యం. రాముడు సముద్రతీరంలో విభీషణుడి శరణాగతి సందర్భంగా పలికినదీ, కృష్ణుడు గీత చివర అర్జునుడికి చెప్పినదీ మిగిలిన రెండు చరమశ్లోకాలు. ఇది భూదేవికి వరాహస్వామి ఇచ్చిన మాట. మనసు నిబ్బరంగా ఉన్నప్పుడు, ఒళ్లు స్వాధీనంలో ఉన్నప్పుడు, వాతపిత్తకఫాలు సమంగా ఉన్నప్పుడు ఎవడు నన్ను తలుచుకుంటాడో, వాడు కట్టెలాగా రాయిలాగా పడి ప్రాణం విడిచే వేళ నేనే వాణ్ణి తలుచుకుని పరమగతికి తీసుకుపోతాను అన్నది స్థూలంగా దాని అర్థం.

గీత ఎనిమిదో అధ్యాయంలో ‘అంతకాలే చ మామేవ’ అన్న శ్లోకం ఉంది. అంత్యకాలంలో నన్నే స్మరిస్తూ దేహం వదిలినవాడు నన్ను చేరతాడని దాని భావం. అది వింటే ధైర్యం కన్నా ముందు దిగులు కలుగుతుంది, ఎందుకంటే అంత్యకాలంలో మనం ఏ స్థితిలో ఉంటామో ఎవరికి తెలుసు? శ్రీవారి గర్భాలయపు గడపకు ఏ ఆళ్వారు పేరు పెట్టి మనం కులశేఖరపడి అంటున్నామో, ఆ కులశేఖరుల పేరనే ప్రసిద్ధమైన శ్లోకంలో ఈ దిగులు ఉన్నదున్నట్టుగా కనిపిస్తుంది: ప్రాణం పోయేటప్పుడు కఫవాతపిత్తాలు గొంతును అడ్డుకుంటే నీ స్మరణ ఎక్కడిది, అందుచేత నా మనసనే రాజహంస నీ పాదపద్మాల పంజరంలోకి ‘అద్యైవ’, ఇవాళే చేరిపోవాలి అని ఆయన ప్రార్థన. వరాహస్వామి మాట సరిగ్గా ఆ దిగులుకే సమాధానంగా నాకు తోస్తుంది. చచ్చిపోయేవాడిని స్వామి ఏమీ అడగలేదు. అడిగిందంతా ఆరోగ్యంగా తిరుగుతున్నవాడిని.

ఇంతవరకు పెద్దలు చెప్పినదే. నేను ఈ శ్లోకం ముందు ఆగిపోయింది వేరే కారణంతో, మా పెదనాయన పోయిన తరువాత.

పెదనాయన కాపురం గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో. ఈ శ్లోకాన్ని మా నాయనకు నేర్పింది ఆయనే. పక్షవాతం వచ్చి పడిపోయిన రోజు నుంచి ఇరవైమూడు రోజులు ఆసుపత్రిలో వెంటిలేటరు మీద ఉన్నారు. కట్టెలాగా రాయిలాగా అన్న మాటను మేము ఆ గాజు తలుపు అవతల కళ్లారా చూశాం. ఇక ఆశ లేదని డాక్టర్లు మెల్లగా చెప్పినప్పుడు, తీసేయమని ఒక కొడుకు, తీస్తే మనమే చంపినట్టని ఇంకొక కొడుకు వాదించుకున్నారు. ఆయన ఏమి కోరుకునేవాడో ఇద్దరికీ తెలియదు. ఆయన పోయాక, పెద్దదినం ఇంకా కాకముందే, బ్యాంకు డిపాజిట్లకు నామినీగా ఉన్నది అప్పటికి ఆరేళ్ల కిందటే కన్నుమూసిన మా పెద్దమ్మ పేరని తేలింది. వీలునామా లేదు. లాకరు తాళంచెవి పూజగదిలో సాలగ్రామాల పెట్టె కింద దొరికింది గానీ, అప్పటికే అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. భగవంతుణ్ణి నలభై ఏళ్లు నిబ్బరంగా తలుచుకున్న మనిషి, తనవాళ్లకు చెప్పవలసినది చెప్పడానికి మాత్రం సమయం రాలేదనుకున్నాడు.

మన ఇళ్లలో ఆ సమయం ఎప్పుడూ రాదు. చావు మాట ఎత్తితే అపశకునం. మా అమ్మ కూడా అంతే. నాయన వీలునామా రాస్తానన్న రోజున ‘తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు, ఈ మాటలు యాలండీ ఇప్పుడు’ అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన నవ్వి, స్వయంగా శ్రీనివాసుడే పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు తెచ్చి, బ్రహ్మనూ శివుణ్ణీ సాక్షులుగా పెట్టుకుని పత్రం రాసిచ్చాడు, మనమెంతటివాళ్లమని అన్నారు.

నాయన హాస్యానికి అన్నా, ఆ సాక్షుల లెక్క చట్టంలోనూ ఉంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి; స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, బతికి ఉన్నన్నాళ్లు ఎన్నిసార్లయినా మార్చి రాయవచ్చు, చివర రాసినదే చెల్లుతుంది. వీటన్నిటికన్నా ముందు చట్టం అడిగేది, రాసేవాడి మనసు స్వస్థంగా ఉండాలని. స్థితే మనసి సుస్వస్థే! పురాణశ్లోకాన్ని న్యాయశాస్త్రంతో ముడిపెట్టడం కొందరికి చనువుగా అనిపించవచ్చు, నాకూ మొదట అనిపించింది. కానీ చివరి రోజుల వైద్యం గురించి ముందే రాసిపెట్టుకునే పత్రం సంగతి తెలిసినప్పుడు ఆ సంకోచం పోయింది. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న దానికి అనుమతి ఇచ్చింది; 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేస్తే చాలని చెప్పింది. బాగున్నవాడు రాయాలి, నోరు లేక పడి ఉన్న రోజున డాక్టర్ల బృందాలు పరిశీలించి, అతని తరఫున అయినవాళ్లు ఆ మాటను నిలబెట్టాలి. శ్లోకంలోని రెండు భాగాలూ, ‘స్మర్తా’ అన్న మనిషి వంతూ, ‘అహం స్మరామి’ అన్న మరొకరి వంతూ, ఆ కాగితం మీద నాకు కనబడ్డాయి.

2023 ఉగాది వెళ్లిన వారానికి నాయన ఈ రెండు పత్రాలూ పూర్తి చేశారు. పక్కింటి రిటైర్డ్ హెడ్‌మాస్టరు, వీధి చివర మందుల షాపు యజమాని సాక్షులు. ఇంటికి వచ్చి, పెళ్లి శుభలేఖకు పెట్టినట్టుగా కాగితాల నాలుగు మూలలా పసుపు పెట్టారు. అమ్మ చూసి లోపలికి వెళ్లిపోయింది.

వాటితోపాటు ఒక రెండువందల పేజీల నోటు పుస్తకం మొదలుపెట్టారు. పైన క్యాలెండరు కాగితం అట్ట. మొదటి పేజీలో గోత్రం, తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, వాళ్ల భార్యల పేర్లు, ఎవరు ఏ తిథిన పోయారో రాశారు. అది ఎందుకో మహాలయ అమావాస్యనాడు కపిలతీర్థంలో నిలబడితే తెలుస్తుంది: తర్పణం వదిలించే అయ్యవారు ముత్తాత పేరు అడగగానే, తడిపంచెలతో ఉన్నవాళ్లు సగంమంది ఊరిలోని మేనత్తకు ఫోను చేస్తుంటారు. తరువాతి పేజీల్లో బ్యాంకు ఖాతాలు, పింఛను, ఇంటి పత్రాలు ఉన్న చోటు. నామినీ అనే మాట దగ్గర నాయన ఎర్రసిరాతో గీత గీశారు. నామినీ డబ్బు అందుకుని వారసులకు అప్పగించవలసినవాడే తప్ప తానే హక్కుదారుడు కాడని కోర్టులు పలుమార్లు చెప్పినా, ఆ సంగతి తెలియక విడిపోయిన కుటుంబాలు మా వీధిలోనే రెండున్నాయి. (2025 నవంబరు నుంచి ఒక్కో బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. నలుగురూ బతికి ఉన్నారో లేదో అప్పుడప్పుడు చూసుకోవాలన్నది మా పెదనాయన ఇంటి పాఠం.)

మరణం జరిగిన 21 రోజులలోగా నమోదు చేయించాలన్నది 1969 నాటి చట్టం. పదో రోజు, పదకొండు, సపిండీకరణం, శుభస్వీకారం అని పురోహితుడు తిథులు గుర్తుచేస్తాడు. ఈ ఇరవై ఒకటో రోజును గుర్తుచేసే వైదికుడు లేడు. ఆసుపత్రిలో పోతే వాళ్లే తెలియపరుస్తారు, ఇంట్లో పోతే ఇంటివాళ్లే చెప్పుకోవాలి. ఆ ధ్రువపత్రం, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టుకునే కుటుంబసభ్యుల ధ్రువపత్రం లేనిదే తరువాతి పని ఒక్కటీ కదలదు. ఇదంతా నాయన ఒక పేజీలో ముగించారు.

పుస్తకంలో నాకు ఎక్కువ ఇష్టమైనవి డబ్బుతో సంబంధం లేని పేజీలు. పెద్దదినానికి అప్పు చేసి భోజనాలు పెట్టవద్దు. కర్మ చేయడానికి చిన్నవాడు దుబాయి నుంచి రాలేకపోతే వాడిని తప్పుపట్టవద్దు. కళ్లు ఇవ్వండి, ఆరు గంటలలోపే తీయాలట, ఏడుస్తూ ఆలస్యం చేయకండి. తాళ్లపాక అన్నమాచార్యులు 1503లో పరమపదించే ముందు కొడుకు పెదతిరుమలాచార్యుణ్ణి పిలిచి రోజుకొక్క సంకీర్తనైనా స్వామికి సమర్పించమని అప్పగించారని చెబుతారు. ఆ కొడుకు పాటలను రాగిరేకులకెక్కించి దాచబట్టే అవి మనదాకా వచ్చాయి. నాయన ఆ సంగతి రాసి, కింద ‘నాకు పాటలు లేవు, సందె దీపం మానవద్దు’ అని ముగించారు.

2025 శ్రావణంలో ఆయనకు మెదడులో రక్తస్రావమైంది. డాక్టరు అడిగినప్పుడు నేను పసుపు మూలల కాగితం చేతికిచ్చాను. వాళ్ల పరిశీలన అంతా అయ్యాక వెంటిలేటరు లేకుండానే వార్డుకు మార్చారు. రెండు రోజులు. అమ్మ కుడిచెవి దగ్గర నారాయణ నామం చెప్పింది, నేను ఆ రెండు శ్లోకాలూ చదివాను. ఆయన కనురెప్ప కదలలేదు. మా తమ్ముడు నాతో గొడవ పడలేదు. దుబాయి నుంచి వీడియోలో చూస్తూ ‘నాయన రాసినట్టే చేయన్నా’ అన్నాడంతే. ఊరంతా గోవిందనామం వినబడే ఈ తిరుపతిలో, గోవింద గోవింద అంటూనే మోసుకుపోయి గోవిందధామంలో ఆయనను అగ్నికి అప్పగించాం.

మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అమ్మ ఆ నోటు పుస్తకం బయటికి తీసింది. వెనక సగానికి పైగా ఖాళీ పేజీలే. కాసేపటికి పూజగది నుంచి పసుపు గిన్నె తెచ్చుకుని, మొదటి ఖాళీ పేజీ నాలుగు మూలలా వేలితో అద్ది, ఆరేదాకా ఊది, పెన్నుతో సహా నా ముందు పెట్టింది.