పులికాట్ పక్షుల లెక్క: నారాయణపక్షులని నేను రాసిన 46

జనవరి నీటిపక్షుల లెక్క ఫారాన్ని నిన్న ఒప్పుకున్నారు. అది ఒకసారి వెనక్కి వచ్చింది, మళ్లీ వెళ్లి లెక్కపెట్టాల్సి వచ్చింది. వచ్చే ఏడు సూళ్లూరుపేట వైపు కొత్తగా లెక్కకు వచ్చేవాళ్ల కోసం మరిచిపోకముందే రాస్తున్నాను.

పేరు నమోదు తేలిక. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది, ఎక్కడ, ఏ రోజు లెక్కపెడతామో ముందే చెబితే చాలు. 8×42 బైనాక్యులర్, ట్రైపాడ్ మీద 20 నుంచి 60 రెట్లు పెద్దదిగా చూపే స్కోపు, చేతిలో నొక్కుడు కౌంటర్ ఉండాలి.

శ్రీహరికోట రోడ్డు పడమర నుంచి తూర్పుకు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. శీతకాలంలో పొద్దు రోజంతా దక్షిణానికే వాలి ఉంటుంది. అందుకని రోడ్డుకు ఉత్తరాన ఉన్న నీళ్లు ముందు చూడండి, వెలుగు మన వీపు మీద పడుతుంది. దక్షిణం వైపు అన్నీ నల్లటి నీడలే. ట్రైపాడ్ తారు మీద వద్దు, మట్టి అంచున పెట్టండి. కిందికి మాత్రం దిగొద్దు. అడుసు పైన పెచ్చుకట్టి గట్టిగా కనబడుతుంది గానీ కింద మోకాలిలోతు బురద.

నేను తప్పు చేసింది పక్షిని గుర్తుపట్టడంలో. మొదటిసారి పదిన్నరకు లెక్క మొదలుపెట్టాను. ఫ్లెమింగోల గుంపు అంచున బూడిదరంగు పక్షులు కొన్ని ఒంటికాలి మీద నిలబడి, తల వీపులో దాచుకుని ఉన్నాయి. నారాయణపక్షులు (బూడిదరంగు పెద్ద కొంగలు) 46 అని రాసి పంపేశాను. పరిశీలించినవారి దగ్గరి నుంచి ఒక్క వాక్యం వచ్చింది: "నారాయణపక్షులు నలభై ఆరు అంత ఒత్తుగా ఎందుకు నిలబడ్డాయి?" ఇన్నేళ్లుగా పక్షులు చూస్తున్న నాకు ఆ ప్రశ్న చదివి తలకొట్టేసినట్టయింది. వారడిగింది సరైన ప్రశ్నే. మేతకు నిలిచిన నారాయణపక్షి దేనికది ఎడంగా ఉంటుంది.

అవి ఫ్లెమింగో పిల్లలు. పిల్లలకు గులాబీరంగు ఉండదు. ఒళ్లు బూడిద, గోధుమ కలిసిన రంగు, కాళ్లు ముదురు బూడిద, ఎత్తు పెద్దవాటికంటే తక్కువ. ఆ రంగు తిరగడానికి ఏళ్లు పడుతుంది. పదిన్నరకల్లా నీళ్ల మీద ఎండమావి ఆడుతుంటుంది. అప్పుడు స్కోపును 60కి తిప్పితే ఆ వణుకే పెద్దదవుతుంది తప్ప పక్షి తేటపడదు. 25–30 దగ్గరే ఆపాలి, తొమ్మిదిన్నరకల్లా లెక్క ముగించాలి.

రెండోసారి ఆరుముప్పావుకే స్కోపు బిగించాను. తల దాచుకున్న పక్షిని చూసి పేరు పెట్టకూడదు, అది తల ఎత్తేదాకా ఆగాలి. నారాయణపక్షి ముక్కు బాకులా తిన్నగా ఉంటుంది. ఫ్లెమింగో ముక్కు మధ్యలో కిందికి విరిగినట్టు వంగి ఉంటుంది, మేసేటప్పుడు తలను తిరగేసి నీళ్లలో పెడుతుంది. ఎగిరినప్పుడైతే సందేహమే ఉండదు. నారాయణపక్షి మెడ మడుచుకుంటుంది, ఫ్లెమింగో మెడ ముందుకు, కాళ్లు వెనక్కి చాపుతుంది. అరగంట కాచుకుంటే 46లో 44 పిల్లలని తేలింది. నిజమైన నారాయణపక్షులు రెండే, అవీ గుంపుకు దూరంగా.

పెద్ద గుంపును ఒక్కొక్కటిగా ఎంచబోతే మధ్యలో అవి కదిలిపోతాయి. ముందు యాభై పక్షులను ఎంచి, స్కోపు వలయంలో అవి ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకోండి. ఆ మేరను గుంపు పొడవునా జరుపుకుంటూ పోండి. ఒత్తుగా ఉన్నచోటా పలచగా ఉన్నచోటా కొలత విడిగా తీసుకోవాలి. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి ఎంచి, తేడా ఎక్కువ వస్తే మూడోసారి. కంటి అంచనా సాధారణంగా అసలుకంటే తక్కువే వస్తుంది.

చప్పట్లు కొట్టి, డ్రోన్ ఎగరేసి గుంపును లేపే ఫొటోలవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లేచిన గుంపు ఇంకోచోట దిగితే అక్కడ లెక్కపెట్టేవాళ్లకు అవే పక్షులు రెండోసారి పడతాయి. మేత వదిలి ఎగిరిన పక్షికి ఆ ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకొకటి. ఒక కార్యాలయంలో నా కాగితం చూసి "పోయినేటికంటే తగ్గితే బాగుండదు" అన్నారు. తగ్గితే తగ్గిందనే రాయాలి. ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేస్తే సరస్సు ముందే ఎండుతుంది. అతిగా కురిస్తే నీళ్లు లోతై, ఫ్లెమింగో కాళ్లకు నేల అందే చోటు తగ్గుతుంది. ఇవేవీ అంకెలో కనబడవు కాబట్టి నీటిమట్టం, ఎండ, చూసిన దిక్కు, మొదలుపెట్టిన సమయం వివరాల గడిలో రాయండి. ఆ గడిని నేను మొదటిసారి ఖాళీగా వదిలేశాను. రెండోసారి "ఉ. 6.45, ఉత్తరం వైపు, పిల్లలు 44, ముక్కు చూసి నిర్ధారించినవి" అని రాశాను. మరో ప్రశ్న రాలేదు.