ల్యాండ్స్ ఎండ్‌లో సుట్రో కొలనులు

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో పిల్లల దగ్గరికొచ్చిన పెద్దవాళ్ళను గోల్డెన్ గేట్ చూపించి వెనక్కి తిప్పేస్తుంటాం. మేం ఈసారి 38 నంబరు గేరీ బస్సెక్కి శాన్‌ఫ్రాన్సిస్కో పడమటి కొసన ల్యాండ్స్ ఎండ్‌లో దిగాం. ప్రవేశానికి టికెట్ లేదు. అక్టోబరు మంచి నెల. జులై, ఆగస్టుల్లో పొగమంచు కమ్మితే కింద ఏముందో కనబడదు.

మెట్లు దిగితే మొండి కాంక్రీటు గోడలు, నీళ్ళు నిలిచిన గుంటలు. 1896లో ఇక్కడ గాజు కప్పు కింద ఏడు ఈత కొలనులుండేవి: ఆరు ఉప్పునీటివి, ఒకటి మంచినీటిది. పోటు వేళ సముద్రమే వచ్చి గంటలో ఉప్పునీటి కొలనులను నింపేది. ఆటు వేళ గుహలో అమర్చిన పంపు నిమిషానికి దాదాపు 22,700 లీటర్లు తోడేది. అలాగైతే నిండడానికి దాదాపు ఐదు గంటలు.

కట్టించిన అడాల్ఫ్ సుట్రో 1830లో జర్మనీలోని ఆఖెన్‌లో పుట్టిన యూదుడు. ఇరవయ్యో ఏట ఇక్కడికొచ్చి పొగాకు అమ్మాడు. నెవాడాలోని కామ్‌స్టాక్ వెండి గనుల్లో వేడినీళ్ళు ఊరి పని సాగకపోతుంటే, ఆ నీళ్ళు వాటంతటవే బయటికి పారేలా కొండ అడుగున ఆరు కిలోమీటర్ల సొరంగం తలపెట్టాడు. 1869లో మొదలై 1878లో గనిని తాకింది. ఆలోపు గనులు దానికన్నా లోతుకు దిగిపోయాయి! నీళ్ళను సొరంగం మట్టం దాకా పైకి తోడాల్సి వచ్చింది. సుట్రో వాటాలమ్ముకొని బయటపడి, ఆ డబ్బుతో ఈ ఇసుకదిబ్బలు కొన్నాడు.

ఇక్కడికి వచ్చే రైలు లైనుకు సదరన్ పసిఫిక్ కంపెనీ విడిగా రెండో చార్జీ వసూలు చేస్తుంటే, ఐదు సెంట్ల టికెట్టుతో సొంత రైలే వేశాడు. ఆ పోరాటమే 1894లో పాపులిస్టు పార్టీ తరఫున మేయరు ఎన్నిక గెలిపించింది. పదవి మాత్రం అచ్చిరాలేదు. సొంత కంపెనీలో చెల్లిన మాట నగరసభలో చెల్లలేదు, రెండేళ్ళ పదవీకాలం ముగిశాక దిగిపోయాడు. పేదల పక్షమన్న పేరుకు మచ్చ కూడా ఉంది: 1897లో జాన్ హారిస్ అనే నల్లజాతీయుణ్ణి ఈ కొలనుల్లో దిగనివ్వలేదు. ఆయన కేసు వేసి వంద డాలర్ల పరిహారం గెలిచాడు.

భవనం 1966లో తగలబడింది. గోడల మీద పాచి జారుతుంది, అలలు మనుషుల్ని లాక్కుపోతాయి, అంచులెక్కొద్దు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్లు దిగకుండా పై నుంచే చూడొచ్చు. రోడ్డు దాటి కాస్త ఎక్కితే సుట్రో హైట్స్ పార్కు. ఆయన ఇల్లు లేదు, సముద్రం వైపు పిట్టగోడ మిగిలింది. కొలనుల అమరిక మొత్తం అర్థమయ్యేది అక్కడికన్నా ల్యాండ్స్ ఎండ్ పార్కింగు నుంచే.