రెండు డేటాబేసులకు ఒకే కోడ్

విశాఖ మధురవాడలోని మా చిన్న సంస్థ లారీ రవాణా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. గాజువాక ఆటోనగర్ ఖాతాదారులకు పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేసు చాలు. లైసెన్సు ఖర్చు ఉండదు. పోర్టు సరుకు మోసే ఒక పెద్ద కంపెనీ మాత్రం తమ దగ్గరున్న ఒరాకిల్ డేటాబేసులోనే నడవాలని పట్టుబట్టింది. ఒకే కోడ్ రెండింటి మీదా నడవాలి. కోడ్‌కూ డేటాబేసుకూ మధ్యలో ఏ పొర (ఒకదాని మాటను మరొకదానికి అనువదించే సాఫ్ట్‌వేర్) పెట్టాలో తేల్చే పని నామీద పడింది.

జావా భాషలో కోడ్ రాసేవాళ్లను ఎవరిని అడిగినా అలాంటి పొరల్లో హైబర్నేట్ పేరే చెబుతారు. ఇలాంటి పొరలకు ఉమ్మడి నియమావళిగా 2006లో వచ్చిన జేపీఏ ప్రమాణం దాటకుండా రాస్తే, రేపు హైబర్నేట్‌ను తీసేసి అదే ప్రమాణం పాటించే ఎక్లిప్స్‌లింక్ పెట్టుకోవచ్చు. హైబర్నేట్ సొంత అనొటేషన్ల (కోడ్‌లో పెట్టే గుర్తుల) రుచి మరిగితే మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. అందుకే వాటిని మొదట్లోనే నిషేధించాను.

ఎన్ని వరుసలు కావాలో చెప్పే లిమిట్ (పోస్ట్‌గ్రెస్), రోనమ్ (ఒరాకిల్) వంటి తేడాలను ఆ పొరే చూసుకుంటుంది. అసలు చిక్కు డ్రైవరు రెండో ఫోను నంబరు దగ్గర వచ్చింది. గుమాస్తా ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఒరాకిల్ దాన్ని నల్‌గా (విలువే లేదన్న గుర్తుగా) దాస్తుంది, పోస్ట్‌గ్రెస్ ఖాళీ స్ట్రింగుగానే (అక్షరాల్లేని పదంగానే) ఉంచుతుంది. రెండో నంబరు లేనివాళ్ల కోసం నల్ అని వెతికితే ఒకచోట పేర్లన్నీ వచ్చాయి, మరోచోట ఒక్కటీ రాలేదు. ఎర్రర్ కూడా లేదు! ఖాళీ గడిని నిల్వకు ముందే నల్‌గా మార్చే పని చివరికి మా కోడే చేస్తోంది.

నమోదులన్నీ జేపీఏతో, నివేదికలు మాత్రం మా సొంత ఇంటర్‌ఫేసు వెనక డేటాబేసును నేరుగా అడిగే మామూలు ఎస్‌క్యూఎల్ భాషతో రాశాం. నల్ ఉన్నచోట వేరే విలువ ఇచ్చే ఒరాకిల్ ఎన్‌వీఎల్ బదులు రెండింటికీ అర్థమయ్యే కోయలెస్ వాడాం. డేటాబేసు లోపలే ఉండి నడిచే స్టోర్డ్ ప్రొసీజర్లు వద్దన్నాను.

"డబ్బు పోసి కొన్న డేటాబేసును ఉత్త గోదాములా వాడతామా?" అన్నారు మా సీనియర్. ఆ మాటలో న్యాయముంది. బరువైన ఒక నివేదికను రెండు డేటాబేసులకూ విడివిడిగా రాయక తప్పలేదు.

పొర ఎంపిక కంటే, కోడ్ మారిన ప్రతిసారీ రెండు డేటాబేసుల మీదా పరీక్షలు నడపడమే మాకు ఎక్కువ అక్కరకొచ్చింది. ఈ మధ్య 'నేటి ట్రిప్పులు' ఒరాకిల్‌లో ఖాళీగా వచ్చాయి. అక్కడ డేట్ గడిలో గంటలు, నిమిషాలు కూడా ఉంటాయి కనుక నేటి తేదీతో సరిసమానం కాలేదు. 'నేటి నుంచి, రేపటికి ముందు' అని షరతు మార్చాక రెండింటిలోనూ ఒకే జాబితా వచ్చింది.